వాలెట్టా రేవులో ఎనిమిది గంటలు: ఓడ దిగి నడిచి చూడదలచినవారికి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మే నెలలో తల్లిదండ్రులతో, ఎనిమిదేళ్ల అమ్మాయితో మధ్యధరా సముద్రంలో క్రూయిజ్‌కు వెళ్తున్నారు. ఓడ ఒకరోజు ఉదయం ఎనిమిదింటికి మాల్టా రాజధాని వాలెట్టాలో ఆగి, సాయంత్రం ఐదున్నరకు బయలుదేరుతుంది. ఓడవాళ్లు అమ్మే బస్సు యాత్ర కొనాలా, లేక సొంతంగా నడిచి చూడవచ్చా అన్నది మీ సందేహం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారు శుద్ధ శాకాహారి. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాడిని. వాలెట్టాకు రెండుసార్లు ఓడ మీద వెళ్లాను, మూడోసారి విమానంలో వెళ్లి వారం రోజులు అక్కడే ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: బస్సు యాత్ర కొనకండి, నడవండి. అయితే నడకను ఊరి ఎత్తుపల్లాలను బట్టి ముందే నిర్ణయించుకోవాలి. అది చేయకపోతే నాన్నగారు పదకొండు గంటలకే ఏదో ఒక మెట్టు మీద కూర్చుండిపోతారు.

మధ్యధరా క్రూయిజ్‌లలో చాలా చోట్ల ఓడ ఆగే రేవు ఒకటి, మనం చూడబోయే ఊరు మరొకటి. రోమ్ చూపిస్తామని చెప్పిన ఓడ చివితావెక్కియాలో ఆగుతుంది, అక్కడినుంచి రోమ్‌కు డెబ్బై కిలోమీటర్లకు పైనే. ఫ్లోరెన్స్ కోసం లివోర్నోలో దిగి మరో తొంభై కిలోమీటర్లు పోవాలి. అలాంటి చోట రైలు ఆలస్యమైతే ఓడ తప్పుతుందన్న భయం న్యాయమైనదే, ఓడవాళ్ల బస్సుకు డబ్బు కట్టడంలోనూ అర్థం ఉంది. వాలెట్టా సంగతి వేరు. ఇక్కడ ఓడ కోటగోడల కిందే ఆగుతుంది. ఊరు ఒక కిలోమీటరు పొడవు, అందులో సగం కంటే కాస్త ఎక్కువ వెడల్పు ఉన్న రాతి ద్వీపకల్పం. పై తోటలోని పిట్టగోడ దగ్గర నిలబడితే మీ ఓడ కనిపిస్తూనే ఉంటుంది. మీరు అడిగిన మ్‌దీనా పాత నగరం చాలా అందమైనదే, కాని అది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒకే రోజులో రెండూ చూపిస్తామనే బస్సులు వాలెట్టాకు ఇచ్చేది గంటన్నర మాత్రమే, అందులో సగం గైడు జెండా కోసం వెతకడంలోనే పోతుంది.

దారి చెప్పేముందు గడియారం సంగతి చెప్పాలి, ఎందుకంటే నా మొదటి ప్రయాణంలో ఓడ దాదాపు తప్పిపోయేది. అంతకుముందు రోజు మేము గ్రీసులో ఉన్నాము. గ్రీసు సమయం మాల్టా కంటే ఒక గంట ముందు. ఓడలో గడియారాలను ఆ రాత్రి వెనక్కి తిప్పలేదు, మా ఫోన్లు మాత్రం మాల్టా గాలి తగలగానే తమంతట తామే మారిపోయాయి. మేము ఇంకా గంట సమయం ఉందనుకొని ఐస్‌క్రీం తింటూ తీరికగా దిగి వచ్చేసరికి, నిచ్చెన దగ్గర సిబ్బంది మా పేర్లు పట్టుకొని నిలబడి ఉన్నారు. తప్పు పూర్తిగా నాదే. ఆ సంగతి ముందు రోజు గదిలో పెట్టిన కాగితంలో రాసే ఉంది. కాబట్టి దిగేముందు ఓడ సమయానికి సరిచేసిన ఒక చేతిగడియారం నాన్నగారికి కట్టండి, ఆ రోజంతా అదే ప్రమాణం. బయలుదేరే సమయం ఐదున్నర అంటే అందరూ లోపల ఉండవలసింది సాధారణంగా దానికి అరగంట ముందు. సొంతంగా తిరిగేవారి కోసం ఓడ ఆగదు.

ఆ ఉదయం కాస్త పెందలాడే లేచి పై డెక్ మీదికి వెళ్లండి. గ్రాండ్ హార్బర్‌లోకి ఓడ ప్రవేశించే ఆ అరగంటకు టిక్కెట్టు లేదు గాని, ఉంటే అదే అన్నిటికంటే ఖరీదైనది అయ్యేది. లోపలికి వెళ్లేటప్పుడు కుడివైపు నిలబడాలి. మొదట సముద్రపు నోటి దగ్గర సెంట్ ఎల్మో దుర్గం, తరువాత గంట మండపం, తోటల కమానులు, వాటి కింద తేనె రంగు గోడలు ఒకదాని మీద ఒకటి వరుసగా కనిపిస్తాయి. ఎడమవైపు నీటిలోకి చొచ్చుకొచ్చిన నాలుకల మీద బిర్గు, సెంగ్లియా పాత పట్టణాలు ఉంటాయి. ఆ రెండు తీరాల మధ్య ఏం జరిగిందో తెలిస్తే ఈ ఊరు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

సెంట్ జాన్ సంఘం అనబడే క్రైస్తవ యోధ సన్యాసులు రోడ్స్ ద్వీపాన్ని ఒట్టోమన్ తురుష్కులకు కోల్పోయి, కొన్నేళ్లు దిక్కులేకుండా తిరిగి, 1530లో చక్రవర్తి అయిదవ చార్లెస్ నుంచి మాల్టాను పొందారు. అందుకు ఏడాదికి ఒక డేగను కప్పంగా ఇవ్వాలని షరతు. వాళ్లు మొదట బిర్గులో స్థిరపడ్డారు. ఇప్పుడు వాలెట్టా ఉన్న షిబెర్రాస్ గుట్ట అప్పుడు దాదాపు బోడిగా ఉండేది, కొసన సెంట్ ఎల్మో దుర్గం ఒక్కటే ఉండేది. 1565 మే నెలలో ఒట్టోమన్ నౌకాదళం వచ్చి ముట్టడించినప్పుడు ఆ చిన్న దుర్గం నెల రోజులు నిలిచి జూన్ 23న కూలింది. అయితే ఆ నెల రోజుల ఆలస్యమే మిగిలిన ద్వీపాన్ని కాపాడిందని చెబుతారు. సెప్టెంబరులో సిసిలీ నుంచి సాయం రావడంతో ముట్టడి విడిపోయింది. ఎత్తైన గుట్ట శత్రువు చేతికి వెళితే కింద ఉన్న రేవు నిలవదని అర్థమై, సంఘాధిపతి జాన్ ద వాలెట్ 1566 మార్చి 28న ఆ గుట్ట మీదే కొత్త నగరానికి శంకుస్థాపన చేశాడు. 1568లో ఆయన చనిపోయేనాటికి ఊరింకా నిర్మాణంలోనే ఉంది. పేరు మాత్రం ఆయనదే మిగిలింది.

ఓడ ఆగేది వాలెట్టా గోడల వెలుపల, ఫ్లోరియానా పరిధిలోని పింటో రేవులో. అక్కడ వరుసగా కనిపించే రంగు తలుపుల గిడ్డంగులు 1752లో సంఘాధిపతి మాన్యుయెల్ పింటో కట్టించినవి. ఇప్పుడు అవి హోటళ్లు, దుకాణాలు. వాటి దగ్గర ఉదయం సమయం ఖర్చు చేయవద్దు, సాయంత్రం తిరిగొచ్చాక పదిహేను నిమిషాలు చాలు. బయటికి రాగానే టాక్సీలవాళ్లు, గుర్రబ్బండ్లవాళ్లు చుట్టుముడతారు. ఊరు చాలా ఎత్తులో ఉంది, నడవలేరు అంటారు. ఎత్తులో ఉందన్నది నిజమే, నడవలేరన్నది నిజం కాదు. సముద్రం కుడిచేతివైపు, కోటగోడ ఎడమచేతివైపు ఉండేలా రేవు వెంబడి పది పదిహేను నిమిషాలు సమతలంగా నడిస్తే పాత కస్టమ్స్ భవనం వస్తుంది. దానికెదురుగా గోడలోకి వెళ్లే దారి బరాక్కా లిఫ్టుకు చేరుస్తుంది. 2012లో ప్రారంభమైన ఈ లిఫ్టు 58 మీటర్లు ఎత్తుతుంది. ఇదే చోట 1905లో కట్టిన పాత లిఫ్టు ఒకటి ఉండేది, దాన్ని 1980లలో తొలగించారు. ఇప్పటి లిఫ్టుకు తీసుకునే రుసుము నామమాత్రం. నాన్నగారి మోకాళ్ల విషయంలో ఈ రోజు మొత్తానికి కీలకమైన నిర్ణయం ఇదొక్కటే: ఎక్కడం యంత్రానికి వదిలేసి, దిగడం మాత్రం మన కాళ్లకు పెట్టడం.

ఈ లిఫ్టు కింది భాగాన్ని లస్కారిస్ కందకం అంటారు. మొదటిసారి ఆ పేరు చూసినప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే మా శాఖలో కాలువ గట్ల మీద తూములు తెరిచి మూసే ఉద్యోగిని లస్కరు అంటాము. విచారిస్తే అది లస్కారిస్ అనే సంఘాధిపతి పేరని, మన లస్కరుతో ఏ సంబంధమూ లేదని తెలిసింది. ఆ కందకం పక్కనే, రాతిలో తొలిచిన సొరంగాల్లో, 1943 జులైలో సిసిలీ మీద మిత్రరాజ్యాల దాడిని నడిపిన యుద్ధ కార్యాలయం ఉంది. నాన్నగారికి రెండో ప్రపంచయుద్ధం మీద ఆసక్తి ఉంటే మధ్యాహ్నం చూడవచ్చు.

లిఫ్టు దిగగానే మీరు అప్పర్ బరాక్కా తోటలో ఉంటారు. ఇటాలియన్ యోధుల విహారస్థలంగా మొదలైన తోట ఇది. 1661లో కట్టిన కమానులకు అప్పట్లో పైకప్పు కూడా ఉండేది. 1775లో జరిగిన ఒక తిరుగుబాటు తరువాత, కుట్రదారులకు నీడ ఇవ్వకూడదని దాన్ని తీసివేశారని చెబుతారు. ఉదయం తొమ్మిది లోపు చేరితే ఇక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది. పిట్టగోడ దగ్గర నిలబడి, ఉదయం డెక్ మీద చూసిన పటాన్నే ఇప్పుడు పైనుంచి చూడండి: ఎదురుగా సెంట్ ఆంజెలో దుర్గం, దాని వెనుక బిర్గు, ఎడమవైపు సముద్రపు నోరు, కుడివైపు మీ ఓడ. మీ అమ్మాయికి ముట్టడి కథ చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఇక్కడినుంచి ఊరిని అర్థం చేసుకోవడానికి ఒక ఇంజనీరు మాట వినండి. చేప వెన్నెముకను ఊహించుకోండి. వెన్ను పొడవునా రిపబ్లిక్ వీధి, దానికి సమాంతరంగా మర్చంట్స్ వీధి ఉంటాయి. వెన్ను నుంచి రెండువైపులా పక్కటెముకల్లా వీధులు సముద్రంలోకి జారిపోతాయి. ఒకవైపు గ్రాండ్ హార్బర్, రెండోవైపు మార్సంషెట్ రేవు. పోప్ పంపగా వచ్చిన ఇటలీ సైనిక ఇంజనీరు ఫ్రాంచెస్కో లాపరెల్లి మొదట ఈ గుట్ట వెన్నును చదును చేసి ఆ మీదట వీధులు గీయాలనుకున్నాడు. అయితే తురుష్కులు మళ్లీ వస్తారన్న భయంతో, మనుషులూ డబ్బూ చాలక, ఆ పనిని మధ్యలో ఆపేశారు. అడ్డవీధుల్లో చాలావాటికి మెట్లు ఉండడానికి కారణం నాలుగున్నర శతాబ్దాల కిందటి ఆ తొందరే. నాన్నగారు వెన్ను మీద ఉన్నంతసేపు సుఖంగా నడుస్తారు. పక్కటెముకలోకి దిగితే మళ్లీ ఎక్కాలి. అందువల్ల మధ్యాహ్నం మూడు దాటేవరకు అడ్డవీధిలోకి దిగవద్దు, ఎంత అందంగా కనిపించినా సరే. ఆ వీధి చివర కనిపించే సముద్రపు నీలి ముక్కను పైనుంచే ఫోటో తీసుకోండి.

తోట నుంచి ప్రధానమంత్రి కార్యాలయమైన కాస్టీల్ భవనం పక్కగా నడిచి ముందు నగరద్వారానికి వెళ్లి, అక్కడినుంచి ఊళ్లోకి రండి. దొడ్డిదారిన వచ్చినవాళ్లకు ఈ ఊరి ఠీవి పట్టుబడదు. ద్వారాన్నీ, దాని పక్కనున్న పార్లమెంటునూ ఇటలీ వాస్తుశిల్పి రెన్జో పియానో రూపొందించాడు. పార్లమెంటు 2015లో ప్రారంభమైంది. రాతి పలకలను తేనెతుట్టెలా చెక్కిన ఆ కట్టడం ఊళ్లో చాలామందికి నచ్చలేదు, జున్ను తురిమే పళ్లెంలా ఉందని ఎగతాళి చేశారు. నాకు మాత్రం నచ్చింది, ఎందుకంటే ఎండను అడ్డుకుంటూ వెలుతురును లోపలికి వదలడానికి ఆ చెక్కడాలు పనికొస్తాయి. దాని పక్కనే స్తంభాల మొండేలు నిలబడి ఉంటాయి. 1866లో ప్రారంభమైన రాయల్ ఒపెరా హౌస్ 1942 ఏప్రిల్ 7న బాంబు దాడిలో కూలగా మిగిలినవి అవి. శిథిలాన్ని తిరిగి కట్టకుండా, తుడిచివేయకుండా, దాని మధ్యలోనే ఆరుబయట నాటకశాలను అమర్చారు.

నడుస్తున్నప్పుడు ఇళ్ల మూలలను గమనించండి. మూలమలుపు ఇంటి యజమాని ఆ మూలను అలంకరించాలని, ప్రతి ఇంటి కింద వాననీటి తొట్టి తవ్వాలని తొలినాటి కట్టడపు నిబంధనలు చెప్పాయి. మొదటి నిబంధన వల్ల మూలల్లో సాధువుల విగ్రహాలు వచ్చాయి. రెండోది నా వృత్తికి సంబంధించినది కనుక కాస్త ఆగుతాను. మాల్టాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అంటే మన అనంతపురంలో పడేటంతే. అటువంటి చోట ముట్టడికి తట్టుకోవలసిన నగరానికి నీరు గోడల లోపలే ఉండాలి. పునాది కోసం తవ్విన రాయితోనే ఇల్లు కట్టుకొని, తవ్విన గుంతనే తొట్టిగా మార్చుకున్నారు. జనం పెరిగి అది చాలకపోతే, సంఘాధిపతి విన్యాకూర్ దాదాపు పదహారు కిలోమీటర్ల నీటికాలువ కట్టించి 1615లో పడమటి ఎత్తుల నుంచి నీటిని ఊళ్లోకి తెచ్చాడు. ఇప్పుడు కుళాయిల్లో వచ్చే దానిలో సగానికి పైగా ఉప్పు తీసిన సముద్రపు నీరే. తాగవచ్చు గాని రుచి మీకు నచ్చకపోవచ్చు, సీసాలు పట్టుకెళ్లండి.

రిపబ్లిక్ వీధిలో కాస్త దూరం పోగానే కుడివైపు సెంట్ జాన్ కో-కథీడ్రల్ వస్తుంది. మీరు డబ్బు పెట్టి లోపలికి వెళ్లవలసింది ఒకే ఒక్క చోటైతే అది ఇదే. తెరిచే సమయానికి అక్కడ ఉండేలా చూసుకోండి. మరో రెండు ఓడలు అదే రోజు వస్తే పదకొండు తరువాత వరుస వీధిలోకి సాగుతుంది. ఆదివారం సందర్శకులను అనుమతించరు, మీ తేదీ ఏ వారమో ఇప్పుడే చూసుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు ఉండాలి. సన్నమడమల చెప్పులను అనుమతించరు, నేలను చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

మాల్టావాడే అయిన జిరోలమో కాసర్ 1570లలో కట్టిన ఈ చర్చి బయటినుంచి కోట సైనికుల వసతిగృహంలా ఉంటుంది. లోపల అడుగుపెట్టగానే గోడ, కప్పు, నేల అన్న తేడా లేకుండా బంగారం, చెక్కడం, చిత్రం. కమాను కప్పు మీది సెంట్ జాన్ జీవితగాథను మత్తియా ప్రేతి 1660లలో నేరుగా రాతిమీదే చిత్రించాడు. కింద, రంగురంగుల పాలరాతి ముక్కలను పొదిగిన దాదాపు నాలుగు వందల సమాధి ఫలకాలు. ఒక్కొక్కదాని మీద ఒక యోధుని వంశచిహ్నం, బూర ఊదే దేవదూతలు, ఇసుక గడియారం పట్టుకున్న అస్థిపంజరాలు. అమ్మాయి ఆ అస్థిపంజరాలను లెక్కపెడుతూ ఉంటే పెద్దలు తీరిగ్గా చూడవచ్చు. మా మనవడితో ఇదే చేయించాను.

పక్క మందిరంలో కారవాజ్జో 1608లో గీసిన సెంట్ జాన్ శిరచ్ఛేద చిత్రం ఉంది. వెడల్పు ఐదు మీటర్లకు పైనే. రోమ్‌లో ఒకణ్ణి చంపి పారిపోయిన ఆ చిత్రకారుడు 1607లో మాల్టా చేరి, మరుసటి ఏడాది సంఘంలో యోధుడయ్యాడు. కొన్ని వారాలకే మరో గొడవలో ఇరుక్కొని, మీరు ఉదయం చూసిన సెంట్ ఆంజెలో దుర్గంలో ఖైదీ అయ్యాడు. అక్కడినుంచీ పారిపోయాడు. అప్పుడు సంఘం ఆయనను వెలివేసింది, ఆ విచారణ ఈ చిత్రమున్న ఈ మందిరంలోనే జరిగింది. ఆయన తన పేరు సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. తెగిన మెడ నుంచి కారిన నెత్తురు మడుగులో ఆ అక్షరాలు ఉన్నాయి. చిత్రంలో కుడివైపు సగం దాదాపు ఖాళీ గోడ. ముందు దూరంగా కూర్చొని ఆ ఖాళీని చూసి, తరువాత దగ్గరికి వెళ్లండి. చిన్నపిల్లకు ఇది చూపాలా వద్దా అన్నది మీ ఇష్టం. అదే మందిరంలో సెంట్ జెరోమ్ రాసుకుంటున్న చిత్రం కూడా ఆయనదే, దానిలో భయపెట్టేదేమీ లేదు.

మీకు తెలుసో లేదో, 1888లో లండన్‌కు బారిస్టరు చదువుకు వెళ్తూ యువకుడైన గాంధీజీ కూడా ఇలాగే ఓడ ఆగిన కొద్ది గంటల్లో ఈ ఊరు చూశారు. పడవ కట్టించుకొని ఒడ్డుకు వచ్చి, సెంట్ జాన్ చర్చిని, తరువాత సంఘాధిపతుల భవనంలోని ఆయుధశాలను చూసినట్లు, వీధులకు రాళ్లు పరిచి ఉన్నట్లు తన దినచర్యలో రాసుకున్నారు. సూయజ్ కాలువ తెరుచుకున్న తరువాత బొంబాయి నుంచి ఇంగ్లండుకు పోయే ఓడలకు మాల్టా ఒక మజిలీ. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి సింధీ వర్తకులు ఇక్కడ బట్టల దుకాణాలు పెట్టి స్థిరపడింది కూడా ఆ దారినే. ఇప్పటికీ ఆ కుటుంబాల పేర్లు దుకాణాల మీద కనిపిస్తాయి.

పన్నెండుకు ఇరవై నిమిషాల ముందు ఎక్కడున్నా వెనుదిరిగి అప్పర్ బరాక్కాకు రండి, కథీడ్రల్ నుంచి ఏడెనిమిది నిమిషాల దూరం. తోట కింది అంచెలో ఉన్న ఫిరంగుల వరుస నుంచి సరిగ్గా మధ్యాహ్నానికి ఒక ఫిరంగి పేలుస్తారు. పూర్వం రేవులోని ఓడల కెప్టెన్లు తమ గడియారాలను సరిచేసుకోవడానికి ఇదే గుర్తు. కింది అంచెకు టిక్కెట్టు ఉంది, కాని పై పిట్టగోడ నుంచి ఉచితంగా ఇంకా బాగా కనిపిస్తుంది. శబ్దం గట్టిగానే ఉంటుంది, పెద్దవాళ్లకు ముందే చెప్పండి. ఓడ సమయానికి సరిచేసిన నాన్నగారి చేతిగడియారం మాల్టా సమయానికి ఎంత తేడాలో ఉందో ఆ క్షణంలో తేలిపోతుంది.

భోజనం గురించి. అమ్మగారికి పనికొచ్చేది ఊరంతటా దొరికే పాస్తిత్సి. మన బేకరీ పఫ్‌కు దూరపు చుట్టం లాంటిది, ఆకారం మాత్రం కొసలు సాగిన పడవలా ఉంటుంది. లోపల రికోటా జున్ను లేదా ఎండుబఠాణీల ముద్ద. బఠాణీలది కాస్త మసాలా తగిలి మనవాళ్లకు వెంటనే నచ్చుతుంది. అయితే ఒక హెచ్చరిక: పొరల పిండిలో కొన్నిచోట్ల పంది కొవ్వు వాడతారు, కొన్నిచోట్ల వెన్నలాంటి వనస్పతి వాడతారు. శుద్ధ శాకాహారులు తప్పక అడగాలి. ఇంగ్లీషు ఇక్కడ అధికార భాష కనుక అడగడంలో ఇబ్బంది లేదు. ఖర్జూరం ముద్ద పెట్టి నూనెలో వేయించే ఇమ్‌కారెట్‌ను తీపి కోసం ప్రయత్నించండి, కజ్జికాయ తిన్న నోటికి కొత్తగా అనిపించదు. చేదు నారింజతో చేసే కిన్నీ అనే పానీయం ఇక్కడి వాళ్లకు ప్రాణం. నాకు మూడు ప్రయాణాల్లోనూ నచ్చలేదు. ఓడలో తిండి ఉచితమే కదా అని మధ్యాహ్నం వెనక్కి వెళ్లకండి, పోనూ రానూ గంటన్నర పోతుంది.

మధ్యాహ్నం నుంచి మీరు రెండు జట్లుగా విడిపోవడం మంచిది. మోకాళ్లు బాగున్నవారు వెన్ను వెంబడి సంఘాధిపతుల భవనం ముందున్న సెంట్ జార్జ్ చౌకు దాటి, ద్వీపకల్పం కొసనున్న సెంట్ ఎల్మో దుర్గం వరకు వాలుగా దిగవచ్చు. అక్కడి జాతీయ యుద్ధ మ్యూజియంలో జార్జ్ క్రాస్ ఉంది. బాంబు దాడులను ఓర్చుకున్నందుకు 1942 ఏప్రిల్ 15న బ్రిటన్ రాజు ఆరవ జార్జ్ ఆ పతకాన్ని ఒక మనిషికి కాక మొత్తం ద్వీపానికి ఇచ్చాడు, మాల్టా జెండా మూలన ఉన్నది అదే. దుర్గం నుంచి గ్రాండ్ హార్బర్ వైపు తిరిగితే రెండో ప్రపంచయుద్ధపు ముట్టడికి గుర్తుగా 1992లో నిలిపిన గంట మండపం, ఆ తరువాత లోయర్ బరాక్కా తోట వస్తాయి. పై తోట కంటే ఇక్కడ జనం తక్కువ, నీడ ఎక్కువ, ఓడలు వచ్చేపోయే దారి ఎదురుగానే ఉంటుంది. నాకు ఊరంతటిలో ఇష్టమైన బెంచీ ఇక్కడే ఉంది. అక్కడినుంచి సెంట్ బార్బరా బురుజు మీదుగా నడిచి, విక్టోరియా ద్వారం గుండా రేవుకు దిగితే పాత కస్టమ్స్ భవనం దగ్గర తేలతారు. ఉదయం నుంచి నేను వద్దన్న దిగుడు ఇదే, ఇప్పుడు మళ్లీ ఎక్కే పని లేదు కనుక దిగండి.

నాన్నగారు, అమ్మగారు మాత్రం లిఫ్టులోనే కిందికి వచ్చి, అక్కడున్న చిన్న పడవల రేవు నుంచి డైసాలో ఎక్కడం నా సలహా. రంగులు వేసిన, ముక్కు ఎత్తిన చెక్కపడవ అది. మోటారు ఉంటుంది, కొద్ది నిమిషాల్లో ఎదుటి తీరంలోని బిర్గుకు చేరుస్తుంది. ధరను ఎక్కకముందే మాట్లాడుకోండి, రాకపోకలు రెండూ కలిపి. ఎక్కేటప్పుడు పడవవాడు చేయి ఇస్తాడు, సిగ్గుపడకుండా పట్టుకోమనండి. నీటిమట్టం నుంచి వాలెట్టా గోడల ఎత్తును చూడడం, రోజంతా మెట్లు ఎక్కినవాళ్లకు దక్కనిది, ఎక్కలేనివాళ్లకు దక్కుతుంది. నాలుగు గంటలకల్లా అందరూ పింటో రేవు దగ్గర కలుసుకునేలా మాట అనుకోండి.

పాదరక్షల గురించి ఒక మాట. ఇక్కడి సున్నపురాయి మెత్తనిది, రంపంతో కోసేంత మెత్తన. మన షాబాదు బండలా మొండిది కాదు. శతాబ్దాల నడకకు పాత మెట్లు అద్దంలా అరిగిపోయాయి, చినుకు పడితే ప్రమాదం. అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, తోలు చెప్పులు వద్దు. మే నెల కనుక ఎండ భరించదగ్గదే, అయినా ఆ లేతరంగు గోడల మీదినుంచి తిరిగి కొట్టే వెలుగు కళ్లను అలసట పెడుతుంది, టోపీ, చలువ కళ్లద్దాలు ఉండాలి. వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి, అందువల్ల రోడ్డు దాటేటప్పుడు మీ అలవాటే మిమ్మల్ని కాపాడుతుంది. కరెన్సీ యూరో.

వీసా సంగతి మీరు అడగలేదు గాని చెప్పకుండా ఉండలేను. మాల్టా షెంజెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల్లో ఒకటి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి, అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా సరే, షెంజెన్ వీసా కావాలి. మీ ఓడ మధ్యలో ట్యునీషియాకో టర్కీకో వెళ్లి మళ్లీ ఐరోపా రేవుకు వస్తుంటే ఒకే ప్రవేశం ఉన్న వీసా చాలదు, పలుమార్లు ప్రవేశించగల వీసా అడగండి. మీకు అమెరికా పాస్‌పోర్టు ఉండి, తల్లిదండ్రులకు భారతీయ పాస్‌పోర్టు ఉన్నప్పుడు ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతుంది.

ఓడ బయలుదేరేటప్పుడు ఈసారి ఎడమవైపు డెక్ మీద చోటు పట్టుకోండి. సాయంత్రపు ఎండలో ఉదయం దాటిన గోడలే ఎదురు వరుసలో వస్తాయి: ముందు పై తోట కమానులు, తరువాత కింది తోట, గంట మండపం, చివర సెంట్ ఎల్మో. మీరు దేనిదగ్గర కూర్చున్నారో అమ్మాయిని వేలు పెట్టి చూపించమనండి.